ఇంటర్ చదివే అమ్మాయికి ట్యాబ్ కొనే ముందు వేటిని, ఎలా పోల్చి చూడాలి?

ఖమ్మం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది, డే స్కాలర్. లెక్చరర్లు పంపే పీడీఎఫ్‌లు చదవడానికి, రికార్డు చేసిన పాఠాలు చూడడానికి, లెక్కలు తెర మీదే పెన్నుతో చేసుకోవడానికి ఒక ట్యాబ్ కావాలి. సాయంత్రం పూట నాయనమ్మ గారు అమెరికాలో ఉన్న చిన్న కొడుకుతో అదే ట్యాబ్‌లో వీడియో కాల్ మాట్లాడతారు. కవరు, పెన్నుతో సహా ఖర్చు ముప్పై వేల దగ్గర ఆగాలి. వారు చూసి పెట్టుకున్నవి మూడు: పన్నెండు వేలకు వచ్చే 8.7 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, ఇరవై రెండు వేలకు వచ్చే 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, అప్పు చేసైనా సరే అనుకుంటే ఐప్యాడ్. మూడింటి స్పెసిఫికేషన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తున్నాయని, అసలు తేడా ఎక్కడ వెతకాలో తెలియడం లేదని రాశారు.

అమ్మా, ముందు సూటిగా సమాధానం చెబుతాను. మీ అవసరానికి 11 అంగుళాల దగ్గరి తెర, తయారీ సంస్థ స్వయంగా తన పెన్ను పనిచేస్తుందని ప్రకటించిన మోడల్, కనీసం 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ ఉన్న వైఫై ట్యాబ్ తీసుకోండి. పన్నెండు వేల చిన్న ట్యాబ్ వద్దు. ఐప్యాడ్ మంచి వస్తువే కానీ దాని కోసం అప్పు చేయవద్దు. ఇరవై రెండు వేల 11 అంగుళాల ట్యాబ్ విషయంలో మాత్రం అది పెన్నును స్వీకరిస్తుందా లేదా అన్న ఒక్క సంగతి తేల్చుకున్న తరువాతే అవును అనండి. ఆ ధరలో దొరికే వాటిలో చాలా ట్యాబ్‌లకు ఆ సౌకర్యం ఉండదు.

గుంటూరులో పద్నాలుగేళ్లుగా ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లు అమ్ముతూ, బాగు చేస్తూ ఉన్నాను. అమ్మిన వస్తువు ఏడాదికో, రెండేళ్లకో మళ్లీ నా బల్ల మీదికే వస్తుంది కాబట్టి, ఏ తేడా కాగితం మీదే మిగిలిపోతుందో, ఏ తేడా రోజూ చేతికి తెలుస్తుందో చూసే అవకాశం నాకు దక్కింది. కింద చెప్పేవన్నీ అలా చూసినవే.

పోల్చడం మొదలుపెట్టే ముందు ఒక మాట. మీ అమ్మాయి డే స్కాలర్ అన్నారు కాబట్టి ఇబ్బంది లేదు. రెండో సంవత్సరంలో హాస్టల్‌కు మార్చే ఆలోచన ఉంటే మాత్రం ఆ కాలేజీలో ట్యాబ్ అనుమతిస్తారో లేదో ముందే అడగండి. మన రెండు రాష్ట్రాల్లోనూ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు చాలావరకు ఫోన్లను, ట్యాబ్‌లను లోపలికి రానివ్వవు. కొన్న రెండు నెలలకే పెట్టెతో సహా తిరిగి తెచ్చి, ఎంతకు తీసుకుంటారని అడిగిన తల్లిదండ్రులను ప్రతి జూన్‌లోనూ చూస్తున్నాను.

తెర కొలతను అంగుళాల్లో కాక, కాగితంలో పోల్చండి. అంగుళాల లెక్క మూల నుంచి మూలకు ఉంటుంది. అందుకే 8.7కూ 11కూ తేడా రెండు అంగుళాల చిల్లరే కదా అనిపిస్తుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. మీ అమ్మాయికి కాలేజీలో ఇచ్చిన ఏ4 జిరాక్స్ కాగితం ఒకటి తీసుకుని సగానికి మడవండి. 16:10 నిష్పత్తి గల 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు దాదాపు 148 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఆ మడిచిన కాగితం వెడల్పు. పీడీఎఫ్ పేజీ మొత్తం ఆ సగం కాగితం సైజులో కనిపిస్తుందన్న మాట. ఇప్పుడు దాన్ని ఇంకోసారి మడవండి. 8.7 అంగుళాల తెర మీద పేజీ కనిపించేది ఆ పావు కాగితం కంటే ఏ కాస్తో పెద్దగా, 113 మిల్లీమీటర్ల వెడల్పుతో. మూల కాగితంలో 10 పాయింట్ల (పాయింటు అంటే అచ్చులో అక్షరం సైజు కొలత) అక్షరం 11 అంగుళాల మీద 7 పాయింట్లకు, 8.7 అంగుళాల మీద ఐదున్నర పాయింట్లకు కుదించుకుపోతుంది. ఐదున్నర పాయింట్లంటే మందుల పెట్టెలో మడిచి పెట్టే కాగితం మీద అచ్చయ్యే అక్షరం లాంటిది.

నా కౌంటర్ మీద లామినేట్ చేసిన ఒక ఏ4 కాగితం ఎప్పుడూ ఉంటుంది. దాని మీద ఒకే వాక్యాన్ని 12, 10, 8, 6 పాయింట్లలో నాలుగుసార్లు అచ్చు వేయించి పెట్టాను. ఆ వాక్యంలో కావాలనే రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం వంటి మాటలు పెట్టించాను. కాగితాన్ని స్కాన్ చేసిన ఫైలు నా దగ్గరున్న ప్రతి డెమో ట్యాబ్‌లోనూ ఉంది. కొనడానికి వచ్చిన వారి చేతికి ట్యాబ్ ఇచ్చి, జూమ్ చేయకుండా కింది వరుస చదవమంటాను. ఇంగ్లీషు అక్షరం చిన్నదైనా ఎలాగోలా పోల్చుకుంటాం గానీ, తెలుగులో వత్తు కింద వత్తు వచ్చిన చోట పిక్సెళ్లు చాలకపోతే ‘ష్ట్ర’ ఒక నల్లటి మచ్చలా మారిపోతుంది. తెలుగు మీడియం పిల్లలకే కాదు, సంస్కృతమో తెలుగో రెండో భాషగా ఉన్న ఎవరికైనా ఇది రోజూ ఎదురయ్యే సంగతి. లెక్కల్లో ఘాతాంకాలు, భౌతికశాస్త్రంలో ఉపసూచికలు కూడా ఇదే కోవకు వస్తాయి. xను వర్గం చేయాలో ఘనం చేయాలో పేజీని పెద్దది చేస్తే తప్ప తెలియని తెర మీద గంటసేపు లెక్కలు చేయడం శిక్షే.

అందువల్ల తెర వివరాల్లో పిక్సెళ్ల సంఖ్యను విడిగా కాక, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్నది చూడండి. 8.7 అంగుళాల మీద 1340×800 అంటే అంగుళానికి 180 లోపే. 11 అంగుళాల మీద 1920×1200 అంటే 206. ఐప్యాడ్ వంటి 2360×1640 తెర మీద 264. నా అనుభవంలో 200 దాటితే తెలుగు వత్తులు చదవడానికి సరిపోతాయి, 250 దాటితే హాయిగా ఉంటుంది. దుకాణాల్లో గట్టిగా చెప్పే 90 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ (తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) సంగతి చదువుకు అంత ముఖ్యం కాదు. పేజీ జరిపేటప్పుడు కంటికి సాఫీగా ఉంటుంది, అంతే. ఆ తేడా కోసం రెండు వేలు ఎక్కువ పెట్టే బదులు ఆ డబ్బుతో మంచి కవరు కొనండి.

తెర ఆకారం గురించి కూడా అడిగారు. ఐప్యాడ్ తెర కాగితం నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దాదాపు అదే అంగుళాలకు పేజీ 157 మిల్లీమీటర్ల వెడల్పున కనిపిస్తుంది. 11 అంగుళాల ఆండ్రాయిడ్ మీద ఇది 148. వీడియో చూసేటప్పుడు మాత్రం ఐప్యాడ్ మీద పైనా కిందా నల్లపట్టీలు కొంచెం ఎక్కువ. ఈ తేడా ఉన్న మాట నిజమే కానీ పది వేల రూపాయల తేడా కాదు.

చిన్న ట్యాబ్ గురించి చాలామంది తల్లిదండ్రులు నాతో అనే మాట ఒకటుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లు ఆ సైజువే కదా, వాళ్లకు సరిపోయినది మా పిల్లకు ఎందుకు సరిపోదంటారు. ఆ ట్యాబ్‌లలో ముందుగానే ఎక్కించి ఇచ్చినవి ప్రధానంగా వీడియో పాఠాలు. వీడియో ఆ సైజులో చక్కగా కనిపిస్తుంది, చేతిలో బరువు ఉండదు, ఆ వయసు పిల్లలకు అది తగిన ఎంపికే. ఇంటర్ ఎంపీసీ చదువు అందుకు భిన్నం. అక్కడ గంటల కొద్దీ తెర మీద ఉండేది ఏ4 పేజీ. తెర మీద ఎక్కువ గంటలు ఏది ఉంటుందో తేల్చుకుని, దాన్ని బట్టి సైజు నిర్ణయించండి.

ఇక పెన్ను. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదే, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

పెన్నులు రెండు రకాలు. ఒకటి రబ్బరు మొన ఉన్న మామూలు స్టైలస్. ఇది ఏ తెర మీదైనా పనిచేస్తుంది, ఎందుకంటే తెర దాన్ని వేలిగానే భావిస్తుంది. వేలితో లెక్క చేస్తే ఎలా ఉంటుందో దీనితోనూ అలాగే ఉంటుంది. గీత లావుగా వస్తుంది, అరచేయి తెరకు ఆనితే అక్కడా గీతలు పడతాయి. రెండోది యాక్టివ్ పెన్ను. దీన్ని గుర్తించే ఏర్పాటు ట్యాబ్ తెరలోనే ఉండాలి. అప్పుడే తెర పెన్నుకూ చేతికీ తేడా తెలుసుకుని, మీరు మణికట్టు ఆనించి నోటు పుస్తకంలో రాసినట్టు రాసుకోనిస్తుంది. తరువాత ఎంత డబ్బు పెట్టినా లేని ఏర్పాటును తెరలోకి తీసుకురాలేము.

గత ఏడాది ఒక అమ్మాయి తండ్రితో వచ్చింది. ఆన్‌లైన్‌లో ట్యాబ్ ఒకచోట, ‘అన్ని ట్యాబ్‌లకూ సరిపోతుంది’ అని రాసి ఉన్న పెన్ను మరోచోట కొన్నారు. నా ముందే ఒక సమాకలనం లెక్క మొదలుపెట్టింది. అరచేయి తగలకుండా మోచేతిని గాలిలో ఎత్తి పట్టుకుని, సన్నటి మొన కోసం పెన్నును నిటారుగా నిలబెట్టి, మూడో వరుసకు వచ్చేసరికి చేయి దించేసింది. దించీ దించగానే పేజీ పక్కకు జరిగిపోయింది, అప్పటిదాకా రాసిన దాని మీద అడ్డంగా ఒక గీత పడింది. ఆ పిల్ల ఏమీ అనలేదు, తండ్రి వైపు చూసింది. ట్యాబ్‌లో ఏ లోపమూ లేదు, పెన్నులోనూ లేదు. ఆ రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినవి కావు. తిరిగి ఇచ్చే గడువు దాటిపోయింది కాబట్టి నేను చేయగలిగినదీ ఏమీ లేకపోయింది. ఆ రోజు నుంచి పెన్ను గురించి అడగకుండా ఎవరికీ ట్యాబ్ అమ్మడం లేదు.

ఒకే సంస్థ ట్యాబ్‌లలో కూడా ఈ తేడా ఉంటుందని గుర్తుంచుకోండి. సామ్‌సంగ్‌లో ట్యాబ్ ఏ9 ప్లస్ 11 అంగుళాల తెరతో పాఠాలు చూడడానికి మంచి ట్యాబ్, కానీ ఆ సంస్థ ఎస్ పెన్ను దానిలో పనిచేయదు. అదే సంస్థ 2020లో తెచ్చిన ట్యాబ్ ఎస్6 లైట్ 10.4 అంగుళాలదే అయినా పెన్ను పెట్టెలోనే వస్తుంది. ఆ వరుసలో తరువాత వచ్చిన ఎస్10 లైట్‌కూ అంతే. ఆ పెన్నుకు కావలసిన శక్తి తెర నుంచే అందుతుంది కాబట్టి, రాయడానికి చార్జింగ్ అక్కర్లేదు. పరీక్ష ముందు రోజు రాత్రి పెన్ను చార్జింగ్ అయిపోయిందన్న బాధ ఉండదు. షావోమీ ప్యాడ్ 6 వంటి వాటికి సంస్థ పెన్ను ఉంది కానీ విడిగా కొనాలి. విడిగా కొనే పెన్ను ధర నాలుగైదు వేలు ఉన్నా ఆశ్చర్యపోవద్దు. అందుకే ట్యాబ్ ధరను ట్యాబ్ ధరతో కాక, ట్యాబ్, పెన్ను, కవరు కలిపిన మొత్తంతో పోల్చండి. ఇరవై రెండు వేల ట్యాబ్, ఐదు వేల పెన్ను, పదిహేను వందల కవరు కలిపితే మీ ముప్పై వేలకు దగ్గరకు వచ్చేస్తాం. పెన్ను పెట్టెలోనే ఉన్న ట్యాబ్ పైకి ఖరీదుగా కనిపించినా చివరికి అంతే పడుతుంది.

పెన్ను వివరాల్లో 4096 స్థాయుల ఒత్తిడి అన్న మాటకు లొంగిపోవద్దు. అది బొమ్మలు వేసేవారికి పనికొస్తుంది. లెక్కలు చేసుకోవడానికి కావలసింది చేయి ఆనించినా గీత పడకపోవడం, మొన కదిలిన వెంటనే గీత రావడం. ఈ రెండూ దుకాణంలో నిమిషంలో తేలిపోతాయి. మీ అమ్మాయినే తీసుకెళ్లి, తనకు అలవాటైన వేగంతో ఒక లెక్క పూర్తిగా చేయించండి. పేరు సంతకం చేసి చూసి తృప్తి పడవద్దు, సంతకం ఏ తెర మీదైనా బాగానే వస్తుంది.

రాసేటప్పుడు మరొకటి గమనించండి. తెరను ఏటవాలుగా చూస్తూ పెన్ను మొన ఆనించండి. కొన్ని ట్యాబ్‌లలో మొనకూ గీతకూ మధ్య చిన్న ఖాళీ కనిపిస్తుంది, గీత గాజు అడుగున ఎక్కడో పడుతున్నట్టుంటుంది. పైగాజు, లోపలి డిస్‌ప్లే ఒకటిగా అతికించకుండా విడివిడిగా ఉన్న చోట ఇలా కనబడుతుంది. మామూలు ఐప్యాడ్ కూడా ఈ రకమే. దీనిలో ఒక లాభమూ ఉంది. ట్యాబ్ కిందపడి పైగాజు మాత్రమే పగిలితే, విడిగా ఉన్న గాజును మార్చవచ్చు, ఖర్చు తక్కువ. అతికించిన తెర అయితే గాజు, డిస్‌ప్లే కలిసి ఉన్న కాంబో మొత్తం మార్చాలి, దాని ధర చాలాసార్లు ట్యాబ్ ధరలో మూడో వంతుకు పైనే పలుకుతుంది. రాయడానికి అతికించినది సుఖం, పగిలితే విడిగా ఉన్నది చవక. చదువుకునే పిల్లకు నేను మొదటిదే ఇస్తాను, కానీ మూలలు మందంగా ఉన్న కవరు వేయకుండా కౌంటర్ దాటనివ్వను.

ఇప్పుడు ర్యామ్, స్టోరేజ్. ఇక్కడ తక్కువ మాటల్లో చెబుతాను. 4 జీబీ ర్యామ్‌తో ట్యాబ్ నడుస్తుంది, కానీ ఒక పక్క పాఠం, మరో పక్క నోట్సు పెట్టుకుని తెరను రెండుగా చీల్చి చదివే పిల్లకు చాలదు. ‘8 జీబీ’ అని రాసి కింద చిన్న అక్షరాల్లో 4+4 అని ఉంటే, రెండో నాలుగు స్టోరేజ్ నుంచి అరువు తెచ్చుకున్నదని అర్థం, దాన్ని లెక్కలో వేయవద్దు. స్టోరేజ్ 64 జీబీ అంటే సిస్టమ్ తన వాటా తీసుకున్నాక మీకు మిగిలేది నలభై పైచిలుకు. స్టోరేజ్ ఎంత అన్నదానితో పాటు ఏ రకం అన్నదీ అడగండి. చవక ట్యాబ్‌లలో ఈఎమ్ఎమ్‌సీ రకం, కాస్త మెరుగైన వాటిలో యూఎఫ్ఎస్ రకం ఉంటాయి. కొన్న కొత్తలో మామూలు వాడకంలో తేడా అంతగా తెలియదు. నిండే కొద్దీ మొదటిది నెమ్మదిస్తుంది. ‘కొత్తలో బాగుండేది, ఇప్పుడు పీడీఎఫ్ తెరవడానికి కూడా ఆలోచిస్తోంది’ అంటూ రెండేళ్లకు నా దగ్గరికి వచ్చే ట్యాబ్‌లలో ఎక్కువ ఈఎమ్ఎమ్‌సీవే.

ధర ఒక్కటే చూసి కొంటే ఏమవుతుందో చెప్పడానికి నాకు పాత ఉదాహరణ ఒకటి గుర్తొస్తుంది. 2011 అక్టోబరులో ఆకాశ్ ట్యాబ్ విడుదలైనప్పుడు ప్రపంచంలోనే అతి చవకైన ట్యాబ్ అని దేశమంతా మాట్లాడుకుంది. ఏడు అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. ఆ తెర వేలి స్పర్శకు కాక ఒత్తిడికి స్పందించే రకం, గట్టిగా నొక్కితే తప్ప కదిలేది కాదు. ప్రతి విద్యార్థి చేతిలో కంప్యూటర్ ఉండాలన్న ఉద్దేశం గొప్పది, నేనూ మనసారా సంతోషించాను. కానీ రోజూ వాడే వస్తువు చేతికి సహకరించకపోతే పిల్లలు దాన్ని పక్కన పెట్టేస్తారు, అప్పుడు పెట్టిన ఆ కొద్దిపాటి డబ్బూ దండగే.

బ్యాటరీని మిల్లీ ఆంపియర్ అవర్లలో (ఎంఏహెచ్) పోల్చడం అలవాటు. వాట్ అవర్లలో పోలిస్తే ఇంకా సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఐప్యాడ్ వివరాల్లో వాట్ అవర్లే ఇస్తారు. మిల్లీ ఆంపియర్ అవర్ల సంఖ్యను 3.85తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే సుమారు లెక్క వస్తుంది. 7,040 అంటే దాదాపు 27 వాట్ అవర్లు, ఐప్యాడ్‌కు ఉన్న 28 చిల్లరకు దగ్గరే. కాబట్టి ఆ విషయంలో అంత బ్యాటరీ ఉన్న 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌కూ ఐప్యాడ్‌కూ పెద్ద తేడా లేదు. చార్జరు పెట్టెలో ఉందా, ఉంటే ఎన్ని వాట్లు అన్నది చూడండి. 15 వాట్ల చార్జరుతో ఈ బ్యాటరీ నిండడానికి రెండు గంటలకు పైనే పడుతుంది.

బ్యాటరీ గురించి కొన్న తరువాత పాటించవలసినది ఒకటి చెప్పాలి. రాత్రీ పగలూ చార్జరుకు తగిలించి ఉంచవద్దు. ఒక బట్టల దుకాణం వారు బిల్లింగ్ కోసం ట్యాబ్‌ను ఏడాదిన్నర పాటు అలా ఉంచారు. తెర ఒక పక్క లేచింది, గాజుకూ అంచుకూ మధ్య గోరు దూరేంత సందు, ఆ సందులోంచి లోపలి వెలుతురు సన్నటి గీతలా బయటికి కనిపిస్తోంది. గాజు సరిగ్గా అతకలేదనుకుని జిగురు పెట్టమని తెచ్చారు. విప్పితే బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. అటువంటి దాన్ని నొక్కి అతికిస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా తెర అంచు లేచినట్టు కనిపిస్తే ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా సర్వీసుకు ఇవ్వండి.

సిమ్ ఉన్న మోడల్ కావాలా అని కూడా రాశారు. ఇంట్లో వైఫై ఉంది, కాలేజీ నుంచి వచ్చాకే చదువు అన్నారు కాబట్టి అవసరం లేదు. ఎప్పుడైనా ఊరికి వెళితే మీ ఫోను హాట్‌స్పాట్ చాలు. ఆ తేడా డబ్బును పెన్నుకు పెట్టండి.

ఎంతకాలం అప్‌డేట్లు వస్తాయన్నది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఐప్యాడ్‌కు నేను మనస్ఫూర్తిగా మార్కులు వేసేది ఇక్కడే. 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15 కూడా అందింది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఒక్కో సంస్థది, ఒక్కో మోడల్‌ది ఒక్కో వాగ్దానం. కాబట్టి మీరు చూస్తున్న మోడల్‌కు భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తామన్నారో ఆ సంస్థ వెబ్‌సైటులోనే చూడండి. ఆ లెక్క మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. పండుగ ఆఫర్లలో సగం ధరకు వచ్చేవి తరచుగా రెండు మూడేళ్ల కిందటి మోడళ్లే.

ఐప్యాడ్ ఎందుకు వద్దన్నానో ఇక్కడే చెబుతాను. 2025లో వచ్చిన ఏ16 ఐప్యాడ్ 128 జీబీ మోడల్ మన దేశంలో విడుదల ధర 34,900. పెన్సిల్ విడిగా కొనాలి. ఆ ఐప్యాడ్‌కు మొదటి తరం పెన్సిల్, యూఎస్‌బీ సీ పెన్సిల్ మాత్రమే పనిచేస్తాయి, రెండో తరంది పనిచేయదు. ఇదీ తెలియక తప్పు పెన్సిల్ కొన్నవారున్నారు. అన్నీ కలిపితే నలభై వేలు దాటుతుంది. మీ అమ్మాయి రెండేళ్లలో ఇంజినీరింగ్‌లో చేరితే ప్రోగ్రాములు రాయడానికి ల్యాప్‌టాప్ కొనక తప్పదు, ఆ పని ఏ ట్యాబూ సరిగ్గా చేయలేదు. ఇప్పుడు ఆ పదివేల అప్పు తీర్చడానికి పోయే డబ్బు అప్పటి ల్యాప్‌టాప్‌కు మొదటి పెట్టుబడి కావాలి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి, వాటిని కలిపి చూసుకోండి.

కొనే చోట నాలుగు సంగతులు. విదేశీ మోడళ్లను తెచ్చి తక్కువ ధరకు అమ్మేవారున్నారు. అటువంటి వాటికి మన దగ్గర వారంటీ ఉండదు, కొన్నింటిలో ప్లే స్టోర్ కూడా అసలుది ఉండదు. పెట్టె మీద గానీ సెట్టింగ్స్‌లోని రెగ్యులేటరీ లేబుల్‌లో గానీ భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, అది లేని బిల్లుతో వారంటీ అడగడం కష్టం. ఖమ్మంలో ఆ సంస్థ సర్వీస్ సెంటర్ ట్యాబ్‌లను తీసుకుంటుందో, ఫోన్లను మాత్రమే చూస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇంటికి వచ్చాక తెల్లటి పేజీ ఒకటి, నల్లటి పేజీ ఒకటి తెర నిండా పెట్టి చుక్కలు, మరకలు ఉన్నాయేమో వెతకండి. డీఆర్ఎమ్ ఇన్ఫో వంటి యాప్‌తో వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) స్థాయి ఎల్1 అని వస్తుందో లేదో చూడండి. ఎల్3 అని వస్తే కొన్ని వీడియో యాప్‌లు తెర ఎంత మంచిదైనా 480 నాణ్యతకు మించి చూపవు. ఇవన్నీ తిరిగి ఇచ్చే గడువు లోపలే చేయాలి.

చివరగా నాయనమ్మ గారి వీడియో కాల్. మూడు ట్యాబ్‌లలోనూ కెమెరా చాలినంత ఉంటుంది, కానీ ఆండ్రాయిడ్‌కు ఇక్కడ ఒక స్పష్టమైన లాభం ఉంది. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఇద్దరికి రెండు వేర్వేరు యూజర్ ఖాతాలు పెట్టవచ్చు, ఐప్యాడ్‌లో ఇంటి వాడకానికి ఆ ఏర్పాటు లేదు. నాయనమ్మ గారి ఖాతాలో అక్షరాలు పెద్దవి చేసి, తెర మీద వాట్సాప్ గుర్తు ఒక్కటే ఉంచండి. అమ్మాయి నోట్సు ఆమె వేలికి పొరపాటున కూడా తగలదు. వాట్సాప్‌ను ఆమె ఫోను నుంచి లింక్డ్ డివైస్‌గా కలపాలి. ఆ ఫోనును మూలన పడేయకుండా పద్నాలుగు రోజుల్లో ఒక్కసారైనా ఎవరైనా వాట్సాప్ తెరిచేలా చూడండి, లేకపోతే ట్యాబ్‌లో తెగిపోయి, కొడుకు కాల్ చేసే వేళకు మళ్లీ మొదటి నుంచి కలపవలసి వస్తుంది.